జిల్లేడు గోడ స్థలపురాణం

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది?" అని అడుగుతుంటారు. నేను పనిచేసింది మురుగునీటి శుద్ధి విభాగంలో. మరిచిపోలేని రోజులకు అక్కడ కొదవ లేదు గానీ, వాటిలో చాలావరకు భోజనానికి ముందు చెప్పుకోదగినవి కావు. ఒక్కటి మాత్రం కాళ్లు కడుక్కుని, దేవుడికి దండం పెట్టుకుని మరీ చెప్పుకోవచ్చు. అది ఆదోనిలో, ఒక గోడ దగ్గర, వినాయక చవితి నాడు జరిగింది.

నేను భక్తుణ్ణి. ఈ మాట రాయడానికి నాకు సంకోచం లేదు. మాది ఎమ్మిగనూరు. మా నాన్న మగ్గం మీద కూర్చుని కూడా కీర్తన ఆపేవాడు కాదు. నాకు అక్షరాలు రాకముందే పురాణ కాలక్షేపాల్లో ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. ఏటా మంత్రాలయానికి నడిచి వెళ్లి వచ్చేవాళ్లం. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి స్వామి ఇచ్చిన ఉద్యోగం ఇది. మా ఆవిడ బంధువులతో "నీళ్ల శాఖ" అనేది. ఏ నీళ్లని ఎవరూ అడక్కుండా మాట మార్చేది. నాకు మాత్రం ఎప్పుడూ నామోషీ అనిపించలేదు. చెడినదాన్ని మళ్లీ మంచి చేయడం దేవుడి పని. అందులో చిన్న కూలీ పని నాకు దొరికింది, అంతే.

ఎమ్మిగనూరు నుంచి బస్సులో రోజూ ఆదోనికి వెళ్లి వచ్చేవాణ్ణి. శనివారాలు ఆఫీసు అయ్యాక అక్కడే ఆంజనేయస్వామి గుడిలో భజనకు కూర్చునేవాణ్ణి. మా భజనకు పెద్ద ఒక పత్తి వ్యాపారి. వ్యాపారం కొడుకులకు అప్పగించి, గొంతు మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. ఆయన "గోవిందా" అంటే మార్కెట్ యార్డులో ఎద్దులు తలెత్తేవి. శ్లోకాలు, ఆచారాలు, ఏ తిథికి ఏం తినకూడదో, అన్నీ ఆయన నోటి చివర ఉండేవి. నాకు తాళం పట్టుకోవడం నేర్పింది ఆయనే. నన్ను చూడగానే ముక్కు మీద కండువా వేసుకునేది కూడా ఆయనే. "ఏమనుకోవద్దప్పా, మర్యాదకు" అనేవాడు.

రిటైరుకు కొంచెం ముందు మా విభాగానికి ఒక కొత్త పని వచ్చింది. శుద్ధి చేసిన నీళ్లు ఊరికే వాగులోకి వదలకుండా మొక్కలకు వాడవచ్చని జనానికి తెలియజెప్పాలి. అందుకోసం ఊళ్లో నలుగురూ తిరిగే చోట ఒక కళాఖండం కట్టాలి. మా పై ఆఫీసరు మనసులో గులాబీ తోట, మధ్యలో ఫైబరు నెమలి ఉన్నాయి. ఈ పని కోసం హైదరాబాదు నుంచి వచ్చిన చిత్రకారిణి మనసులో మాత్రం వేరే ఉంది. మనిషి సన్నగా ఉంటుంది, మాట గట్టిది. రెండు రోజులు ఎండలో పడి ఊరంతా తిరిగి, సంచీ నిండా ముళ్లకంపలు తెచ్చి ఆఫీసరు బల్ల మీద పోసింది.

"ఇవీ మన మొక్కలు. జిల్లేడు, ఉమ్మెత్త, ఉత్తరేణి, వాకుడు, రేగు. ఎవరూ నీళ్లు పోయరు, మేకలు కూడా కొన్నిటి జోలికి పోవు. అయినా బతుకుతున్నాయి. వాడిన నీళ్లకు, వద్దన్న మొక్కలకు ఒక గోడ కడదాం" అంది.

ఆఫీసరు కాగితం అంచుతో ఒక కాయను పక్కకు నెట్టాడు. "ప్రభుత్వ ఖర్చుతో పిచ్చి మొక్కలా? రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలమ్మా?"

అప్పుడు నేను కలగజేసుకున్నాను. "సార్, ఇవి పిచ్చి మొక్కలు కావు, పత్రి. వినాయక చవితికి స్వామికి ఇరవయ్యొక్క రకాల ఆకులు పెడతాం కదా. ఈ బల్ల మీద ఉన్నవన్నీ ఆ పూజలోవే" అన్నాను.

ఆఫీసరు చేయి వెనక్కి తీసుకుని, ఆ కాయను కళ్లకద్దుకోబోయి, ముల్లు చూసి ఆగిపోయాడు. గోడ మంజూరైంది.

మూడు దారులు కలిసే చోట, ఆంజనేయస్వామి గుడికి ఎదురుగా, కోట కొండ రాతితో ఆ గోడ లేచింది. దాని మీద చిత్రకారిణి మనిషంత జిల్లేడును, చేటంత ఉమ్మెత్త పువ్వును రంగుల్లో వేసింది. కింద మడుల్లో అవే మొక్కలను నిజంగా నాటింది. గోడ మధ్యలో రాతికి ఒక చీలిక. శుద్ధి చేసిన నీళ్లు అందులోంచి సన్నగా జారి, మడులన్నిటికీ పాకుతాయి. పక్కనే బోర్డు: "ఇవి శుద్ధి చేసిన మురుగునీళ్లు. మొక్కలకు మాత్రమే. తాగరాదు."

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పక తప్పదు. మోటరు గది గోడ వెనకే ఉండేది. దాన్ని చూసుకునే ఆపరేటరు పెద్ద మీసాలవాడు, మెత్తటి మనసువాడు. గదిలో గడియారం తేమకు ఆగిపోయింది. "టైముకు మోటరు ఎట్లా వేస్తావప్పా?" అని అడిగాను.

"గుళ్లో హారతి గంట కొడతానే ఏస్తా సామీ. పొద్దున ఒగతూరి, మాపున ఒగతూరి. గంట మరసిపోయే మనిషి యాడుంటాడు?"

నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. దేవుడి గంటకు మన పని మొదలవడం కంటే శుభం ఏముంది అనుకున్నాను. ఆదోనిలో కొళాయి నీళ్లు వారానికొకసారి వస్తే గొప్ప అన్న సంగతి నాకు తెలుసు. అటువంటి ఊళ్లో గుడి గంట మోగగానే ఎదురుగా రాతిలోంచి నీళ్లు ఊరితే జనం ఏమనుకుంటారన్నది మాత్రం ఆపరేటరుకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మొదట పూలమ్ముకునే అవ్వ ఆ చీలికకు పసుపు రాసి బొట్టు పెట్టింది. గుడి ముందు ఆమెది పాత చోటు.

"ఇది పైపు నీళ్లవ్వా" అన్నాను.

"పైపయితే ఏంది నాయనా? మా కొళాయికీ పైపుండాది. గంట కొడితే నీళ్లొస్తాయా? పొర్లుదండాలు పెట్టినా రావు."

తర్వాత ఎవరో దీపం గూడు తెచ్చి పెట్టారు. గాజులు కట్టారు. కొబ్బరికాయలు కొట్టే బండ వచ్చింది. బోర్డును కూడా వదల్లేదు. అమ్మవారి పక్కన నిలబడిన పాపానికి దానికీ పసుపు పూసి, నిమ్మకాయల దండ వేశారు. "తాగరాదు" అన్న మాట మీద సరిగ్గా కుంకుమ బొట్టు పడింది. నేను తుడిపిస్తే మరునాటికి మళ్లీ పూసేవారు. చిత్రకారిణికి ఫోను చేసి చెబితే ఆమె పొంగిపోయింది. "ప్రజలు కళలో పాలుపంచుకుంటున్నారు సార్. నేను కోరుకున్నది ఇదే!" అంది.

"పాలు పంచుకుంటే బాగానే ఉంటుందమ్మా. వీళ్లు నీళ్లు పంచుకునేలా ఉన్నారు" అన్నాను.

అప్పటికి ఎవరూ తాగలేదు, తలమీద చల్లుకునేవారు, అంతే. చవితికి వారం ముందు శనివారం భజనలో మా పెద్ద ప్రకటించాడు. "పండగ పొద్దున మన మండలి ఆధ్వర్యంలో గోడ గంగమ్మకు పూజ. పత్రి ఈడనే కోసుకోవచ్చు. వచ్చినోళ్లందరికీ ఆ తీర్థమే ఇస్తాం. పిల్లలను గూడా పిల్చుకొని రాండి."

నా చేతిలో తాళం ఆగిపోయింది. శుద్ధి చేశామంటే మొక్కలకు సరిపోయేలా చేశామని. రంగు లేదు, వాసన లేదు, చూడటానికి కొబ్బరినీళ్లలా ఉంటాయి. అదే ప్రమాదం. పసిపిల్లలు తాగితే పండగ సాయంత్రానికి ఆసుపత్రి నిండిపోతుంది. ఆ తర్వాత జనం గోడను ఒక్క రాయి మిగలనివ్వరు. భజన అయ్యాక పెద్దాయనను పక్కకు పిలిచి చెప్పాను.

ఆయన కండువా ముక్కు మీదికి లాక్కున్నాడు. "నీకు నలభై ఏండ్లు మురికి చూసి చూసి కండ్లకు అదే కనపడతాంది ఇంజినీరూ. ఆ నీళ్లు చూసినావా? అద్దం మాదిరి ఉండాయి. మురుగు అట్లుంటాదా?"

నా జీవితంలో నా పనికి దక్కిన అతి పెద్ద ప్రశంస అదే. దాన్ని అనుభవించే స్థితిలో లేను.

మరునాడు ఆపరేటరుతో, "చవితి దాటేదాకా గంట కొట్టినా మోటరు వేయవద్దు" అని గట్టిగా చెప్పాను. నీళ్లు రాకపోతే జనం ఆశ వదులుకుంటారని నా లెక్క. ఇంత చదువుకుని, ఇన్ని పురాణాలు విని, భక్తుల సంగతి నాకే తెలియకపోవడం చూడండి. సాయంత్రం హారతి గంట మోగింది. రాయి పొడిగా ఉంది. ఎవరో "అమ్మ అలిగినాది" అన్నారు. ఎవరి వల్ల అన్న విచారణ మొదలైంది. పకోడీల బండివాడు చెప్పులతో దగ్గరికి వచ్చాడని ఒకరు, ఎవరో పొద్దున కోడిగుడ్డు తిని వచ్చారని మరొకరు. పకోడీల బండివాడు భయపడి గుంజిళ్లు తీశాడు. మా పెద్ద గొంతెత్తాడు. ఆడవాళ్లు కంటతడి పెట్టారు. భజన తారస్థాయికి వెళ్లింది. అప్పుడు, బుసబుసమని, రాతిలోంచి నీళ్లు దూకాయి.

ఆ కేకలకు కోట మీది పావురాలు లేచిపోయాయి. నేను మోటరు గదికి పరుగెత్తాను. ఆపరేటరు స్విచ్చు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏమప్పా, వేయొద్దంటే ఎందుకేసినావు?"

"నా వల్ల గాలేదు సామీ. అమ్మ అలిగినాదని అందరూ ఏడుస్తాంటే..."

"అలిగింది అమ్మ కాదయ్యా, నీ మోటరు!"

"తెలుసు సామీ. నాకూ తెలుసు. అయినా ఏడుపొచ్చె."

అంతవరకు ఆదోనికే పరిమితమైన మహిమ ఆ రాత్రికి ఎమ్మిగనూరు చేరింది. బస్సులో నా పక్కన కూర్చున్నాయన నాకే వివరంగా చెప్పాడు, నేను వినలేదనుకుని.

మోటరు ఆపితే మహిమ ఇంకా పెరుగుతుందని అర్థమై, మళ్లీ ఆపమని చెప్పలేదు. చవితి పొద్దున నేను తలస్నానం చేసి మొదటి బస్సుకు వెళ్లాను. దారి పొడవునా స్వామిని ఒకటే అడిగాను: అబద్ధం ఆడకుండా, వీళ్ల భక్తిని తిట్టకుండా, పిల్లల నోట్లో ఆ చుక్క పడకుండా చూసే ఉపాయం ఇవ్వు తండ్రీ అని. ఆదోని బస్టాండులో దిగేదాకా ఆయన ఏమీ చెప్పలేదు. మరుగుదొడ్ల పక్కగా నడుస్తుంటే చెప్పాడు.

గోడ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. అప్పటికే పత్రి కోసుకుని అందరూ సంచుల్లో వేసుకున్నారు. గంట మోగింది, నీళ్లు జారాయి, బిందెలు నిండాయి. మండలి వాళ్లు వరసగా నడుస్తూ చాచిన ప్రతి కుడి అరచేతిలో ఉద్ధరిణితో తీర్థం పోస్తున్నారు. మా పెద్ద కూడా చేయి పట్టాడు. నేను మైకు దగ్గరికి వెళ్లి అడిగాను.

"అయ్యా, ఏ క్షేత్రంలోనయినా స్థలపురాణం ఇనకుండా తీర్థం పుచ్చుకోవచ్చునా?"

పెద్దాయన ఆలోచించాడు. ఆచారం విషయంలో ఆయన రాజీపడడు. "పుచ్చుకోకూడదు" అన్నాడు. అని, జనం వైపు తిరిగి, "ఎవరూ తాగొద్దండి! పురాణం అయినాక!" అని కేక వేశాడు. "సెప్పప్పా. నీకు తెలిసినట్టు ఇంగెవరికీ తెలియదు."

వందల చేతులు దొన్నెల్లా మడుచుకుని ఆగాయి. నేను కళ్లు మూసుకుని, చిన్నప్పుడు విన్న పౌరాణికుల బాణీలో అందుకున్నాను.

"ఇనండి భక్తులారా! ఈ గంగమ్మ తుంగభద్రలో పుట్టినాది. కాలవ వెంట నడిసి మన చెరువు చేరినాది. అక్కడినుంచి కొళాయిలో దిగి మన ఇంటికొచ్చినాది."

"గోవిందా!" అన్నారు జనం.

"మన ఇంట్లో అంట్లు తోమినాది. ఒంటి మురికి కడిగినాది. పసిబిడ్డల గుడ్డలు ఉతికినాది."

"గోవిందా!"

"అక్కడితో ఆగలా తల్లి. వీధి కాలవలో కలిసి హోటళ్లు దాటినాది. సెలూన్లు దాటినాది. మటను మార్కెట్టు దర్శించినాది."

"గో...విందా" అన్నారు. కొంచెం సన్నగా.

"అక్కడినుంచి బస్టాండు చేరినాది. బస్టాండులో మగోళ్ల మరుగుదొడ్డి ప్రవేశించినాది."

"గోవి—"

కేక సగంలో తెగిపోయింది.

"ఊరందరి పాపం మోసుకొని మా ప్లాంటు చేరినాది. మేం కడిగినాం, వడపోసినాం, మందు ఏసినాం. మొక్కకు పనికొచ్చేంత శుభ్రం చేసినాం. మనిషికి పనికొచ్చేంత చేయలేదు. ఇదీ ఈ తీర్థం కథ. ఇందులో ఒక్క మాట అబద్ధముంటే, ఎదురుగా స్వామి ఉండాడు."

ఎవరూ కదలలేదు. కదలడానికి లేదు. చేతిలో ఉన్నది తీర్థం. తీర్థాన్ని నేల మీద పారబోయకూడదు, ఎవరి కాలన్నా పడితే పాపం. తాగడమా, ఇక వల్లకాదు. అందరూ అలాగే గుక్కెడు బస్టాండును అరచేతిలో పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా పెద్ద మొహం కందగడ్డయింది. "పండగ పూట ఇంత అనాచారమా! ఈ నీళ్లకా మేము హారతి పట్టినాము? ఈ గోడ ఉండేదానికి లేదు. పడగొట్టండి! ఆ పత్రి గూడా పారేయండి, మైలపడింది!"

నలుగురు కుర్రాళ్లు ముందుకు వచ్చారు గానీ, చేతిలో తీర్థంతో గోడ పడగొట్టడం ఎలాగో వాళ్లకు తోచలేదు.

నాకు ఆ గోడ మీద మమకారం ఉంది. అయినా ఆ క్షణంలో నాకు కోపం రాలేదు, ఒక సందేహం వచ్చింది. అదే అడిగాను. "అయ్యా, పోయినేడు జిల్లేడాకు యాడ కోసినారు?"

"మిల్లు వెనకాల."

"మిల్లు వెనకాల యాడ?"

ఊరంతటికీ తెలుసు, మిల్లు వెనకాల ఉన్నది మురుగు కాలవ గట్టు. ఉమ్మెత్త పెంటదిబ్బ మీద తప్ప ఎక్కడ మొలుస్తుంది? ఉత్తరేణి గోడవారన. అది ఏ నీళ్లు తాగి పెరుగుతుందో మగవాళ్లందరికీ బాగా తెలుసు.

"ఎవరూ నీళ్లు పోయని మొక్కలను ఏరుకొని తనకు పెట్టమన్నాడయ్యా స్వామి" అన్నాను. "ఇన్నేండ్లూ ఆ ఆకులు కడగని మురుగు తాగినాయి. ఈ ఏడు కడిగిన మురుగు తాగినాయి. స్వామికి పోయినేడు లేని మైల ఈ ఏడు ఎట్లొస్తాది?"

"అయితే ఇందులో మా ఇంటి అంట్ల నీళ్లు గూడా ఉండాయా నాయనా?" అని అడిగింది పూల అవ్వ.

"ఉండాయవ్వా."

"నా ఇంటి నీళ్లకు నేనే పసుపు రాసి మొక్కినానా!" ఆమె మొదట నవ్వింది. ఆ నవ్వు ఆడవాళ్ల వరసంతా పాకింది. మరుక్షణం ఆమే కసురుకుంది. "ఏందో ఒగటి బిరీన తేల్చండప్పా! ఏలుసందుల్లోంచి కారిపోతాంది ఈడ!"

జనమంతా మా పెద్ద వైపు చూశారు. శాస్త్రం ఆయనది. ఆయన తన అరచేతిలోకి చూసుకున్నాడు. గోడ వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. ఆయన లోపల ఎన్ని గ్రంథాలు తిరగేశాడో నాకు తెలియదు గానీ, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అభిషేకం నీళ్లు మిగిలితే యాడ పోస్తాము?" అని అందరినీ గద్దించి అడిగాడు. "కాలు తగలని తావున, చెట్టు మొదట్లో పోస్తాము. ఇది తాగే తీర్థం కాదు. చెట్టు తీర్థం. పత్రి కోసినోడు ఆ చెట్టు రుణం తీర్చుకోవల్ల. నేను మొదటినుంచీ సెప్పాలనుకున్నదీ ఇదే."

అలా అని, మూల మడిలో అప్పుడే కొమ్మలు విరిగి మోడులా నిలబడిన చిన్న జిల్లేడు దగ్గరికి నడిచి, మంత్రం చదువుతూ, అర్ఘ్యం ఇచ్చినట్టు ఆ గుక్కెడూ దాని మొదట్లో వదిలాడు. తర్వాత చేతిని చాలాసేపు పంచెకు తుడుచుకున్నాడు.

"గోవిందా!" అంది ఊరు. ఈసారి పూర్తిగా. వరసలో వచ్చి తలా ఒక మొక్కకు పోశారు. బిందెలూ వాటికే పోశారు. పిల్లలు ఉమ్మెత్తకు పోయడానికి పోట్లాడుకున్నారు. మోటరు గది కిటికీలోంచి ఆపరేటరు మళ్లీ కళ్లు తుడుచుకోవడం కనిపించింది.

గోడ ఇప్పటికీ ఉంది. బోర్డు మీద బొట్టు పెట్టేవాళ్లు ఇప్పుడు అక్షరాలు వదిలి అంచున పెడుతున్నారు. చవితి నాడు పత్రి కోసినవాళ్లు చెంబుడు నీళ్లు మొక్కకు పోయకుండా కదిలితే పూల అవ్వ ఊరుకోదు. చిత్రకారిణి ఏదో సభలో ఈ ఆచారం గురించి మాట్లాడిందట, అంతా తన ఆలోచన ప్రకారమే జరిగిందని. మా భజన పెద్ద కూడా అదే చెబుతాడు, తన ఆలోచన అని. నాకు అభ్యంతరం లేదు. ఎవరి ఆలోచనో ఆ పొద్దున బస్టాండు పక్కగా నడిచిన నాకు తెలుసు. ఎమ్మిగనూరు వాళ్లు వచ్చి తమకూ అలాంటి గోడ కావాలన్నారు. మోటరు మాత్రం తమ గుడి గంటకే వేయాలట.

పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే. నీళ్లను శుద్ధి చేయడం మీకు కాలేజీలో నేర్పే ఉంటారు. అరచేతిలో పట్టుకున్నవాడికి వాటిని ఎక్కడ పోయాలో చూపించడం కూడా ఉద్యోగంలో భాగమే. ఆ చోటు దొరకకపోతే వాడు తాగనైనా తాగుతాడు, గోడనైనా పడగొడతాడు.

మూల మడిలోని జిల్లేడు ఇప్పుడు మనిషెత్తు దాటింది. అంత ఏపుగా ఆ గోడ దగ్గర ఇంకో మొక్క లేదు. చవితికి ఊరంతా దాని ఆకులే కోస్తుంది, మా పెద్ద తప్ప. ఆయన మిల్లు వెనక నుంచి తెప్పించుకుంటాడు. ఇంకా ఆ పట్టింపు పోలేదా అని పోయిన పండక్కి నేనే అడిగాను. నన్ను చూసి ఆయన కండువా ఎత్తబోయి, మానుకున్నాడు.

"పట్టింపు కాదప్పా. అది నా చేతి నీళ్లు తాగిన బిడ్డ" అన్నాడు, ఒక వెడల్పాటి ఆకును నిమురుతూ. "బిడ్డ చెవులు ఎవరన్నా కోస్తారా?"